యూనివర్సిటీ పేటెంటును చివరి పేజీల నుంచి చదవండి

పీహెచ్‌డీ రెండో ఏడు చివర్లో మా గైడు నలభై పేజీల పేటెంటు నా చేతిలో పెట్టి, "మన పూత దీని కిందికి వస్తుందేమో చూడమ్మా" అన్నారు. కాథెటర్ గొట్టాల మీద వేసే పూత నా పని. తడి తగలగానే జారుడుగా మారే పలుచటి హైడ్రోజెల్ పొర అది. గొట్టం లోపలికి వెళ్లేటప్పుడు మూత్రనాళం ఒరుసుకుపోకుండా కాపాడుతుంది. ఆ నలభై పేజీలనూ నేను జర్నల్ పేపరు చదివినట్టే చదివాను. ముందు సారాంశం, తర్వాత నేపథ్యం, ఆ పైన ఉదాహరణలు, గ్రాఫులు. రెండు రోజులు పట్టింది. చివర్లో నంబర్లు వేసిన పొడవాటి వాక్యాలు కనిపిస్తే, చెప్పిందే మళ్లీ చెబుతున్నారనుకుని వదిలేశాను. "మన పూత వేరు సార్, వాళ్ల ఉదాహరణల్లో మన పాలిమర్ లేదు" అని చెప్పాను. నేను చదవకుండా వదిలేసిన వాక్యాల్లో ఒకటో నంబరుదే మా పనిని మొత్తం కప్పేసిందని ఆరు నెలల తర్వాత తెలిసింది.

తర్వాత ల్యాబ్ వదిలి పేటెంట్ల పనిలోకి వచ్చాను. పన్నెండేళ్లుగా ఒక విశ్వవిద్యాలయంలో, పరిశోధకుల ఆవిష్కరణలను పేటెంటు దరఖాస్తులుగా మార్చే విభాగంలో ఉంటున్నాను. నా బల్ల మీదికి వచ్చేవి రెండే రకాలు: వైద్య పరికరాలు, పారిశ్రామిక రసాయనాలు. నాలాగే చదివి నాలాగే పొరబడిన విద్యార్థులు తరచూ వస్తుంటారు. వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది కాబట్టి చివరి నిర్ణయానికి పేటెంట్ ఏజెంటును అడగండి. చదవడం మాత్రం ఎవరికి వారు నేర్చుకోవలసిందే.

మొదటి పేజీ: అంకెలు చూడండి

పేటెంట్లు వెతికే సైట్లు ఎస్పాసెనెట్, పేటెంట్‌స్కోప్, గూగుల్ పేటెంట్స్ మూడూ ఉచితమే. మొదటిది యూరోపియన్ పేటెంట్ ఆఫీసుది, రెండోది ప్రపంచ మేధో సంపత్తి సంస్థది. వీలైతే పీడీఎఫ్ దించుకోండి. మొదటి పేజీలో ప్రతి వివరం పక్కనా ఒక చిన్న అంకె ఉంటుంది. ఆ అంకెలకు అన్ని దేశాల్లోనూ ఒకటే అర్థం కాబట్టి, జపనీస్ రాకపోయినా జపాన్ పేటెంటులో ఏది ఎక్కడుందో పోల్చుకోవచ్చు. 54 శీర్షిక. 72 ఆవిష్కర్తలు. 71 దరఖాస్తుదారు, 73 హక్కుదారు. 51 వర్గీకరణ. 22 దరఖాస్తు వేసిన తేదీ. 30 ప్రయారిటీ తేదీ.

నేను అన్నిటికన్నా ముందు చూసేది ఆ 30. ఆవిష్కరణ కొత్తదా కాదా అని తూచేది ఆ రోజుతోనే. మొదటి దరఖాస్తు వేసిన 12 నెలల్లోపు మిగతా దేశాల్లో వేస్తే మొదటి తేదీయే చెల్లుతుంది. 1883 నాటి పారిస్ ఒప్పందం ఇచ్చిన వెసులుబాటు ఇది. అయితే దరఖాస్తు మామూలుగా ఆ తేదీ నుంచి 18 నెలలు గడిచేదాకా బయటికి రాదు. అంటే ఇవాళ మీరు కళ్లు కాయలు కాచేలా వెతికినా, గత ఏడాదిన్నరలో ఇంకొకరు వేసినది మీకు కనబడదు. "వెతికాను మేడమ్, ఎక్కడా లేదు" అని ఎవరైనా ధీమాగా చెప్పినప్పుడు ఈ మాట గుర్తు చేస్తాను.

యూరప్ పత్రాల్లో, 2001 నుంచి వచ్చిన అమెరికా పత్రాల్లో, నంబరు చివర ఎ అక్షరం ఉంటే అది ప్రచురించిన దరఖాస్తు మాత్రమే, బి ఉంటే మంజూరైన పేటెంటు. డబ్ల్యూఓతో మొదలయ్యేది పీసీటీ దరఖాస్తు, అంటే పేటెంట్ సహకార ఒప్పందం కింద వేసే అంతర్జాతీయ దరఖాస్తు. దాన్ని చూసి ప్రపంచమంతటా పేటెంటు వచ్చేసిందని హడలిపోయేవాళ్లున్నారు. అలాంటి పేటెంటు అసలు లేదు. సాధారణంగా ప్రయారిటీ తేదీ నుంచి 30 నెలల్లోపు ఏ దేశానికి ఆ దేశంలో మళ్లీ అడుగు పెట్టాలి, ఫీజు కట్టాలి, పరీక్షకు నిలవాలి.

యూనివర్సిటీ పేరుతో వెతికితే సగం దొరకవు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పేటెంట్లు 1925లో పెట్టిన విస్కాన్సిన్ అల్యూమ్నై రీసెర్చ్ ఫౌండేషన్ పేరిట ఉంటాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవి యెడా పేరిట, జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానివి యిస్సుమ్ పేరిట దొరుకుతాయి. కాలిఫోర్నియాకైతే "రీజెంట్స్" అని కొట్టాలి. అందుకే నేను ప్రొఫెసర్ పేరుతో, 72 దగ్గర, ఒకసారి విడిగా వెతుకుతాను.

క్లెయిములు: అసలు హద్దులు ఇక్కడే

ఇప్పుడు చివరి పేజీలకు వెళ్లండి. అక్కడ నంబర్లు వేసి ఉన్న వాక్యాలే క్లెయిములు. హక్కు ఎంతవరకో చెప్పేది అవే. సారాంశానికి ఆ బలం లేదు, శీర్షికకు అసలే లేదు.

అభ్యాసం కోసం నేను రాసిన ఒక క్లెయిమ్ చూడండి: "ఒక కాథెటర్, అందులో ఉండేవి: పాలియురేథేన్ గొట్టం, ఆ గొట్టం బయటి తలానికి అంటుకున్న మొదటి పొర, మొదటి పొర మీద 5 నుంచి 50 మైక్రోమీటర్ల మందాన, పాలీవినైల్ పైరోలిడోన్ కలిగిన రెండో పొర, ఆ రెండో పొర గొట్టం కొన నుంచి కనీసం 100 మిల్లీమీటర్ల మేర ఉంటుంది."

ఒక కాగితం తీసుకుని నిలువునా గీత గీయండి. ఎడమ పక్క ఈ వాక్యాన్ని ముక్కలుగా కోసి రాయండి. గొట్టం ఒక ముక్క. అది పాలియురేథేన్ కావడం ఇంకో ముక్క. మొదటి పొర, రెండో పొర, మందం, పాలిమర్, పొడవు, ఒక్కోదానికి ఒక్కో వరుస. కుడి పక్క మీ పరికరంలో దానికి సరిపోయేది ఉందో లేదో రాయండి. అన్ని వరుసలూ నిండితే మీరు ఆ హద్దులో ఉన్నట్టు. మీ గొట్టం సిలికాన్‌దైతే ఒక వరుస ఖాళీ, మాటల ప్రకారం మీరు బయట ఉన్నట్టు. కొన్ని దేశాల కోర్టులు "వేరేది పెట్టినా అదే పని అదే తీరులో చేస్తోంది కదా" అని చూస్తాయి కాబట్టి, ఒక్క ఖాళీ చూసి గంతులు వేయకండి. ఆ వరుస పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టి ఏజెంటుకు చూపించండి.

అదనంగా ఏదో చేర్చాం కాబట్టి తప్పించుకున్నాం అనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. క్లెయిములో "కంప్రైజింగ్" అనే మాట ఉంటే, చెప్పినవన్నీ ఉంటే చాలు, మీరు పైన ఎన్ని చేర్చినా దాని కిందికే వస్తారు. మూడో పొర వేసినా, వెండి కణాలు కలిపినా అంతే. "కన్సిస్టింగ్ ఆఫ్" అంటే చెప్పినవే, ఇంకేమీ ఉండకూడదు. రసాయన మిశ్రమాల్లో ఈ రెండో మాట తరచుగా కనిపిస్తుంది. కంటికి ఒకేలా కనిపించే ఈ రెండు మాటల మధ్య తేడా ఒక ఫ్యాక్టరీ నడవాలా ఆగాలా అన్నంత ఉంటుంది.

నేను పొరబడింది ఎక్కడో ఇప్పుడు చెప్పగలను. ఆ పేటెంటు ఒకటో క్లెయిములో పాలిమర్ పేరే లేదు. "నీటిని పీల్చుకునే పాలిమర్" అని మాత్రమే ఉంది. పేర్లన్నీ ఏడో క్లెయిములో ఉన్నాయి. "ఒకటో క్లెయిములో చెప్పిన కాథెటర్..." అని మొదలయ్యేవి ఆధారపడిన క్లెయిములు. ఒకటో క్లెయిము తీసుకుని, దాన్నే ఇంకా బిగిస్తాయి. పరీక్షలో ఒకటోది పడిపోతే ఏడోదైనా నిలుస్తుందని అలా రాస్తారు. మాటలు తగ్గేకొద్దీ హద్దు పెరుగుతుంది, మాటలు పెరిగేకొద్దీ ఇరుకవుతుంది. రెండు లైన్ల క్లెయిమ్ కనబడితే ఒళ్లు దగ్గర పెట్టుకుని చదవండి.

దరఖాస్తులో ఉన్న క్లెయిములు, మంజూరైన పేటెంటులో ఉన్నవి ఒకటి కావు. పరీక్షకులు అభ్యంతరం చెప్పినప్పుడల్లా కుదిస్తూ వస్తారు. కాబట్టి ఎ పత్రం చదివి భయపడేముందు దాని బి పత్రం ఉందేమో చూడండి. ఫీజులు కడుతున్నారా, మానేశారా అన్నదీ చూడండి. పేటెంటు గడువు దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్లు, అదీ తీసుకున్న దేశాల్లోనే. గడువు తీరినవీ, ఫీజు కట్టక వదిలేసినవీ ఎన్నో ఉన్నాయి. వాటిలోని తయారీ పద్ధతి, పాళ్లు, ఉష్ణోగ్రతలు ఇక ఎవరైనా వాడుకోవచ్చు, దాని మీద ఇంకొకరి పేటెంటు లేకుంటే చాలు. ఈ మాట చెప్పినప్పుడు విద్యార్థుల ముఖాలు వెలగడం చూస్తే నాకెంతో సంతోషం.

ఒక్క విషయం దగ్గర మాత్రం అందరూ తికమకపడతారు. "నేను ఇది తయారు చేసి అమ్మవచ్చా?" అని అడిగితే క్లెయిములు చూడాలి. "నా ఆలోచన కొత్తదేనా?" అని అడిగితే పత్రం మొత్తం చూడాలి: వివరణ, బొమ్మలు, విఫలమైందని రాసిన ఉదాహరణ, అన్నీ. గడువు తీరిన పేటెంటైనా, మంజూరు కాని దరఖాస్తైనా, క్లెయిములో లేకుండా పన్నెండో పేజీలో ఒక్క వాక్యంగా ఉన్నా, అది మీ కొత్తదనాన్ని తీసేస్తుంది. ప్రశ్న రెండింటిలో ఏదో కాగితం పైన రాసుకుని మొదలుపెట్టండి.

రసాయనమైతే

రసాయన పేటెంట్లలో ప్రాణమంతా అంకెల హద్దుల్లో ఉంటుంది. పాత పత్రంలో 2 శాతం పల్లాడియంతో చేసిన ఒక్క నమూనా ఉన్నా, "1 నుంచి 3 శాతం" అనే మీ క్లెయిమ్ కొత్తది కాదు. అదే పాత పత్రం 0.1 నుంచి 10 శాతం అని విశాలంగా చెప్పి ఊరుకుంటే, మీరు 1.8 నుంచి 2.2 అడగవచ్చు. కానీ ఆ ఇరుకు చోట ఎవరూ ఊహించనిది జరుగుతోందని చూపించాలి. చూపించడానికి లోపలి అంకెలు చాలవు, బయటివి కావాలి.

ఒకసారి ఒక అమ్మాయి ఉత్ప్రేరకం తీసుకుని వచ్చింది. పట్టికలో ఐదు నమూనాలు, ఐదూ బాగా పనిచేసినవే. "ఈ హద్దు దాటితే ఏమవుతుంది?" అని అడిగాను. "అవి పాడైపోయాయి మేడమ్, అందుకే రాయలేదు" అంది. ల్యాబ్‌కు వెళ్లి పాత నోట్‌బుక్ తెమ్మన్నాను. ఒక పేజీలో రెండు వరుసలు పెన్సిలుతో కొట్టేసి ఉన్నాయి. పక్కన చిన్న అక్షరాలతో "ముద్ద కట్టింది, వడపోత ఆగిపోయింది" అని, కింద తేదీ. మా దరఖాస్తును నిలబెట్టింది ఆ కొట్టేసిన రెండు వరుసలే. చెడిపోయిన నమూనాను పారేయండి, దాని అంకెను మాత్రం పారేయకండి. కొట్టేసినా కనబడేలా ఒకే గీతతో కొట్టండి, తేదీ వేయండి.

ఉదాహరణలు చదివేటప్పుడు క్రియ చూడండి. ఆంగ్ల పత్రాల్లో "వేడి చేశారు, కలిపారు" అని భూతకాలంలో ఉంటే ల్యాబ్‌లో జరిగినది. "వేడి చేస్తారు, కలుపుతారు" అన్నట్టుంటే అది చేయకుండా ఊహించి రాసినదై ఉండవచ్చు. చేయనిదాన్ని చేసినట్టు భూతకాలంలో రాయకూడదని అమెరికా పేటెంట్ ఆఫీసు నియమం. ఇది తెలియక ఊహించి రాసిన పద్ధతిని అక్షరాలా చేసి చూసి, నెలలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఒకే క్లెయిములో వేల అణువులు ఇమిడ్చే రాత కూడా ఉంది: "ఆర్ స్థానంలో మిథైల్, ఇథైల్, క్లోరో, వీటిలో ఏదైనా" అన్నట్టు. దాన్ని మార్కుష్ క్లెయిమ్ అంటారు. యూజీన్ మార్కుష్ 1924 నాటి రంగుల పేటెంటు నుంచి వచ్చిన పేరు. మీ అణువు అందులో పడుతుందో లేదో తేల్చాలంటే పెన్సిలు పట్టుకుని ఒక్కో స్థానం గీయాల్సిందే. అడ్డదారి లేదు.

తెలిసిన పదార్థం కదా అని నిరాశపడే వాళ్లకు నేను 1908 సంవత్సరం చెబుతాను. నత్రజని, హైడ్రోజన్ కలిస్తే అమ్మోనియా వస్తుందన్నది అప్పటికి కొత్తేమీ కాదు. జర్మనీలోని కార్ల్‌స్రూలో ప్రొఫెసరైన ఫ్రిట్జ్ హాబర్ పేటెంటు అడిగింది పద్ధతికి: వాయువులను ఉత్ప్రేరకం మీదుగా మళ్లీ మళ్లీ తిప్పుతూ, ఏర్పడిన అమ్మోనియాను అప్పటికప్పుడు తీసేస్తూ ఉండడం. అదే ఏడు అమెరికాలోని బర్కిలీలో ఫ్రెడరిక్ కాట్రెల్‌కు, సల్ఫ్యూరిక్ ఆమ్లపు పొగమంచును విద్యుత్తుతో గాలి నుంచి లాగేసే పద్ధతికి పేటెంటు వచ్చింది. ఆ పేటెంట్ల రాబడి పరిశోధనకే పోవాలని ఆయన 1912లో రీసెర్చ్ కార్పొరేషన్ పెట్టించారు. ఇద్దరూ పట్టుకున్నది పదార్థాన్ని కాదు, అది ఏ దారిలో నడవాలన్నదాన్ని.

పరికరమైతే

బొమ్మలు ముందు పెట్టుకోండి. ప్రతి భాగానికీ ఒక అంకె ఉంటుంది, వివరణలో అదే అంకెతో దాని పేరు వస్తుంది. పక్క కాగితం మీద అంకె, పేరు, పని రాసుకుంటే గంట పని ఇరవై నిమిషాల్లో తేలుతుంది. చాలా దేశాల్లో, యూరప్‌లోనూ, రోగి శరీరం మీద చేసే చికిత్స పద్ధతికి, శస్త్రచికిత్స పద్ధతికి పేటెంటు ఇవ్వరు. ఆ పనికి వాడే పరికరానికి ఇస్తారు. కాబట్టి డాక్టరు చేతులు ఏం చేస్తాయో రాసుకొచ్చిన విద్యార్థిని, "చేతిలో ఉన్న వస్తువు ఎలా ఉంది? ఏ భాగం దేనికి అతుక్కుంది?" అని అడిగి మళ్లీ రాయిస్తాను.

వెతకడం

మాటలతో మాత్రమే వెతకకండి. ఒకరు "కాథెటర్" అన్నదాన్ని ఇంకొకరు "గొట్టపు వైద్య సాధనం" అని రాస్తారు. వర్గీకరణ కోడ్ పట్టుకోండి. కాథెటర్లు, సిరంజీలు ఎ61ఎంలో, స్టెంట్లు, కృత్రిమ అవయవాలు ఎ61ఎఫ్‌లో, రోగ నిర్ధారణ, శస్త్రచికిత్స సాధనాలు ఎ61బిలో, వాటి పూతలు, పదార్థాలు ఎ61ఎల్‌లో. ఉత్ప్రేరకాలు బి01జె, వడపోత, వేర్పాటు బి01డి, నీటి శుద్ధి సి02ఎఫ్. మీ పనికి దగ్గరగా ఉన్న ఒక్క పేటెంటు దొరికితే, 51 దగ్గరి కోడ్ తీసుకుని దానితో మళ్లీ వెతకండి. అది పేర్కొన్న పాతవాటినీ, దాన్ని పేర్కొన్న కొత్తవాటినీ చూడండి.

యూరప్, పీసీటీ పత్రాల వెనక సెర్చ్ రిపోర్టు ఉంటుంది. అక్కడ ఎక్స్ అని ఉంటే ఆ పాత పత్రం ఒక్కటే క్లెయిమును దెబ్బతీయగలదని, వై అంటే ఇంకోదానితో కలిపితే అని, ఎ అంటే నేపథ్యం మాత్రమే అని పరీక్షకుడి అభిప్రాయం. నిపుణుడు మీకోసం ముందే చేసి పెట్టిన వెతుకులాట అది.

మీ సొంత ఆలోచన వచ్చాక

నోరు విప్పే ముందు దరఖాస్తు వేయండి. నా గుండెలో ఇంకా గుచ్చుకునేది ఇదే. కాథెటర్ పూతలో మాకు చివరికి నిజంగా కొత్త దారి ఒకటి దొరికింది. విభాగం వార్షిక సదస్సులో నేను పోస్టర్ పెట్టాను. పాళ్లు, మందం, ఎండబెట్టే ఉష్ణోగ్రత, అన్నీ పెద్ద అక్షరాలతో రాసి. ఎవరూ వద్దనలేదు, బహుమతి కూడా ఇచ్చారు. నాలుగు నెలల తర్వాత పేటెంటు అడగబోతే, నా పోస్టరే నాకు అడ్డుగా నిలిచింది.

పోస్టర్ ఏపాటిది అనుకునేవాళ్లకు: 1998 అక్టోబర్‌లో ఒక సదస్సులో రెండున్నర రోజులు, తర్వాత ఒక విశ్వవిద్యాలయంలో ఒక పూట ప్రదర్శించిన సోయా పీచు పరిశోధన పోస్టరును, కాపీలు పంచకపోయినా, ప్రచురణ కిందే లెక్క అని అమెరికా అప్పీలు కోర్టు 2004లో చెప్పింది. 1986లో అదే కోర్టు, జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కేటలాగుకెక్కిన ఒకే ఒక్క థీసిస్ ప్రతిని కూడా ప్రచురణగానే తీసుకుంది. జన్యువులను అతికించే కోహెన్, బోయర్ పద్ధతి పేపరు 1973 నవంబర్‌లో వచ్చింది, దరఖాస్తు 1974 నవంబర్‌లో, అమెరికా ఇచ్చే ఏడాది గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా వేశారు. అక్కడ పేటెంటు వచ్చింది, మిగతా దేశాల్లో హక్కు పోయింది. అమెరికా, జపాన్, కొరియా సొంత ప్రకటనకు ఏడాది గడువు ఇస్తాయి. యూరప్‌లో ఆ వెసులుబాటు లేనట్టే.

కాబట్టి సదస్సుకు సారాంశం పంపేముందు, థీసిస్ గ్రంథాలయానికి ఇచ్చేముందు, కంపెనీ వాళ్లకు నమూనా చూపించేముందు మీ యూనివర్సిటీ పేటెంట్ విభాగానికి ఆవిష్కరణ వివరాల ఫారం ఇవ్వండి. అందులో నాలుగు సంగతులు తేటగా ఉంటే మా పని సగం అయినట్టే: ఏ ఇబ్బందికి విరుగుడు, ఇప్పటిదాకా జనం ఏం చేస్తున్నారు, మీది ఎక్కడ వేరు, ఎవరికి ఎప్పుడు చెప్పారు. నాలుగోది దాచకండి. లిఫ్టులో స్నేహితుడికి చెప్పినా రాయండి.

ఆవిష్కర్తల పేర్ల దగ్గర మొహమాటం పనికిరాదు. ల్యాబ్ పెద్ద అని, పరికరాలు కొనిచ్చారని పేరు చేర్చకూడదు. ఆలోచనకు తోడు పడిన వారిని, చిన్న విద్యార్థి అయినా, వదలకూడదు. పేపరు రచయితల జాబితా ఇక్కడ పనిచేయదు. ఏ క్లెయిములో ఎవరి ఆలోచన ఉందో ఒక్కో ముక్కకు ఎదురుగా రాయండి. ఇందాక గీత గీసిన కాగితం ఇక్కడా పనికొస్తుంది.

ఇక సంతకాలు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడొకరు యూనివర్సిటీకి "హక్కు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను" అని సంతకం పెట్టారు. తర్వాత పీసీఆర్ (డీఎన్‌ఏ ప్రతులను పెంచే పద్ధతి) నేర్చుకోవడానికి సీటస్ అనే కంపెనీకి వెళ్లినప్పుడు, "ఇందుమూలంగా హక్కు ఇస్తున్నాను" అన్న కాగితం మీద పెట్టారు. రక్తంలో హెచ్ఐవీని కొలిచే పద్ధతి మీద ఆ గొడవ 2011లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, స్టాన్‌ఫర్డ్ ఓడిపోయింది. "ఇస్తాను"కీ "ఇస్తున్నాను"కీ మధ్య అంత దూరం. బయటి ల్యాబ్‌లో ఒక్క రోజు పనికి వెళ్లినా, గేటు దగ్గర ఇచ్చే కాగితాన్ని ఫోటో తీసి మాకు పంపి, మేం జవాబు ఇచ్చాకే సంతకం పెట్టండి.